పసుపుకుంకుమ చెల్కల అగ్నిపర్వతం

పాలకుర్తి
12 జూన్ 2025

తమ్మీ రాజలింగం,

చెవులు పోయినా కండ్లు ఉన్నయి గదా, జర నిమ్మళంగ చదువు. ఫోన్ చేద్దామంటే నీ కోడలు సౌమ్య నీ చెవుల అరవాలె, నువ్వు తల ఊపాలె, మళ్ళ అక్క ఏమన్నదని ఆ పిల్లనే అడగాలె. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల తూటాలు పేల్చినోనికి ఉత్తరమే నయం.

సంగతేందంటే, బాపు నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన చెల్క లేదా, అండ్ల భూమి నుంచి పొగ వస్తున్నది. నిజంగనే. మొన్న తొలి వాన పడ్డంక మీ బావ పత్తి గింజలు పెట్టేటందుకు సాళ్ళు కొట్టబోయిండు. నడిమిట్ల సన్నగ పొగ లేస్తుంటే ఎవడో బీడీ తాగి పారేసిండని తిట్టుకుంట పోయిండు. పోయి, తెలివిగల్లోడు గదా, చెయ్యి పెట్టి చూసిండు. చెయ్యి కాలింది. మళ్ళ నమ్మబుద్ధి గాక ఇంకో చెయ్యి పెట్టిండు. ఇప్పుడు రెండు చేతులకు వెన్న పూసుకొని అరుగు మీద కూసున్నడు, నేనే అన్నం తినిపిస్తున్న.

రెండు బకీట్ల నీళ్ళు పోస్తే సుయ్యిమన్నది గని పొగ ఆగలే. ఊరు ఊరంత వచ్చి చూసింది. ఒకడు గ్యాసన్నడు, ఒకడు బంగారమన్నడు. పక్కింటి కమలాదేవి, టీవీ చూసి చూసి అన్నీ తెలిసినామె, ఇది అగ్నిపర్వతమే అని చెప్పి పోయింది. మా మండలంల పర్వతం కాదు గదా, ఎక్కి ఎండబోసుకునేటంత గుట్ట సుత మా చెల్కల లేదు. మరి అగ్ని ఎక్కడిది?

నువ్వు భూమి కడుపుల ముప్పై ఏండ్లు ఉన్నోనివి. అండ్ల ఏముంటదో నీకు తెలువకపోతే ఎవలకు తెలుస్తది? ఒక్కసారి వచ్చి చూసిపో. నువ్వు మా గడప తొక్కి పదకొండేండ్లు అయితున్నది. ఎందుకు రావో నేను అడగ. పొగ కోసమన్న రా.

నీ అక్క,
సులోచన


భూపాలపల్లి
19 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. బావ రెండో చెయ్యి పెట్టిన కాడ ఆగి నవ్విన. నన్ను చూసి సౌమ్య సుత నవ్వింది, ఎందుకో తెలువకుండనే.

ముందుగాల అగ్నిపర్వతమంటే ఏందో చెప్త. రిటైరైనంక నాకు లైబ్రరీనే దిక్కు, అక్కడ మాట్లాడద్దని బోర్డు పెట్టిన్రు, నాకు ఇంకేం కావాలె? అగ్నిపర్వతాల మీద ఉన్న పుస్తకం రెండుసార్లు తిరగేసిన.

భూమి లోపల అంతా కరిగిన నిప్పు ఉంటదని మనమనుకుంటం. కాదు. అక్కడ ఎంత ఉడుకున్నా, మీద బరువుకు రాయి గట్టిగనే ఉంటది. భూమి పెంకు ముక్కలు ముక్కలుగ ఉంటది, ఆ ముక్కలు ఏడాదికి గోరు పెరిగినంత జరుగుతుంటయి. రెండు ముక్కలు ఎడమైన కాడ బరువు తగ్గి రాయి కరుగుతది. ఒకదాని కిందికి ఇంకోటి దూరిన కాడ సముద్రం నీళ్ళు లోపలికి పోయి కరిగిస్తయి. కరిగింది తేలిక, పైకి వస్తది. దాంట్ల ఆవిరి చిక్కుకొని ఉంటది. పల్చగుంటే గంజి పొంగినట్టు పొంగి పారుతది, మనిషి నడిచి తప్పించుకోవచ్చు. చిక్కగుంటే ఆవిరి బయటికి రాలేక ఒక్కసారే పేలుతది, ఇగ నడుచుడు ఉరుకుడు ఏం లేదు.

ఆరున్నర కోట్ల ఏండ్ల కింద మన పడమటి దిక్కు పొరలు పొరలుగ లావా పారింది. పత్తి పండే నల్లరేగడి చాన మట్టుకు ఆ రాయి మురిగి మట్టైందే. ఇప్పుడు మన దేశంల నిప్పు కక్కేది అండమాన్ల మనుషులు లేని ఒక్క దీవి. పాలకుర్తిల పుట్టదు. పరేషాన్ కాకు.

చెల్కల పుట్టిన అగ్నిపర్వతం ఒకటి మాత్రం ఉన్నది. మెక్సికో దేశంల 1943ల ఒక రైతు మక్కచేన్ల దున్నుతుంటే నేల పగిలి పొగ లేచింది. తెల్లారేసరికి ఇంటెత్తు కుప్పైంది. ఏడాదిల వెయ్యి అడుగుల గుట్టైంది. రెండూళ్ళు పూడిపోయినయి. కానీ మనది అసొంటిది కాదు, అక్కడి నేల వేరు, మన నేల ముసలిది.

పొగ చెల్కల ఏ మూలకు వస్తున్నదో రాయి. తూర్పు గెట్టుకా, పాత మోటబాయి పూడ్చిన కాడనా? అడుగుతున్నంతే.

మోకాళ్ళు నొస్తున్నయి, బస్సుల కూసోలేను. వచ్చుడు కాదు.

నీ తమ్ముడు,
రాజలింగం


పాలకుర్తి
28 జూన్ 2025

తమ్మీ,

నువ్వు రాసిన ఉత్తరంతోని ఊర్ల నిప్పు పెట్టినవ్.

పోస్టుమ్యాన్ ఇచ్చేటప్పటికి మా అరుగు మీద పదిమంది ఉన్నరు. బొగ్గుబాయి రాజలింగం రాసిండంటే గట్టిగ చదువుమన్నరు. చదివిన. గంజి కాడ అందరు తలలూపిన్రు. నల్లరేగడి కాడ మీ బావ నాకు ముందే తెలుసన్నడు, ఆయనకు తెలువంది ఏమున్నది, చేతులు తప్ప. ఇగ మెక్సికో రైతు, మక్కచేను, వెయ్యి అడుగుల గుట్ట, రెండూళ్ళు పూడుడు చదివిన్నో లేదో, కమలాదేవి లేచి ఊగుడు మొదలువెట్టింది. పసుపు తెమ్మన్నది, యాపకొమ్మ తెమ్మన్నది. "నేను జ్వాలమ్మను, మక్కచేన్ల పుట్టిన, పత్తిచేన్ల పుడ్తున్న" అన్నది. అమ్మవారికి మెక్సికో సంగతి ఎట్ల తెలిసిందని అడిగేటోడే లేడు. నువ్వు "మనది అసొంటిది కాదు" అని రాసిన ముక్క నేను చదివేసరికి సగం ఊరు ఇంటికి ఉరికింది, మూటలు కట్టుకునేటందుకు. మా మరిది ఇద్దరు కొనేటోళ్ళను పిలిచి మేకలు బేరం పెట్టిండు. ఒక్కరోజుల మూడు మేకలు పోయినయి, గుట్ట మాత్రం లేవలే.

ఇప్పుడు భయం పోయి భక్తి వచ్చింది. జ్వాలమ్మకు గుడి కట్టాలెనని కమిటీ వేసిన్రు. కమలాదేవి అధ్యక్షురాలు. పొగ వచ్చే జాగల రాయి పెడ్తరట, శ్రావణంల బోనాలు తీస్తరట, పది గుంటలు, అంటే పావెకరం, గుడికి రాసియ్యాలెనట. బాపు నాకిచ్చిందే ఎకరం. ఇయ్యనంటే అమ్మవారికి అడ్డమొచ్చినదాన్నైత. ఇస్తే నా చెల్క నడిమిట్ల పోతది, చుట్టూత మిగిలింది దేనికి పనికొస్తది?

నువ్వడిగినవ్ గదా, పొగ పాత మోటబాయి పూడ్చిన కాడనే వస్తున్నది. నువ్వే నిలవడి ముప్పై ట్రిప్పుల మొరం మట్టి కొట్టిచ్చినవ్, రాయి లెక్క గట్టిగుండాలె అది. మరి గట్టి మొరంల నుంచి పొగ ఎట్ల వస్తది? నాకు సమజైతలేదు.

నీ మోకాళ్ళ సంగతి సౌమ్యను అడిగిన. మామయ్య రోజు రెండు కిలోమీటర్లు లైబ్రరీకి నడుస్తున్నడని చెప్పింది.

వచ్చి ఊరోళ్ళకు నువ్వే చెప్పు. నా మాట ఎవలు వింటలేరు.

సులోచన


భూపాలపల్లి
7 జూలై 2025

అక్కా,

కమలాదేవికి ఇంకో ఉత్తరం చదివి వినిపియ్యకు, నీకు పుణ్యముంటది.

అయినా భయపడుడు మంచిదే. ఇటలీల రెండు వేల ఏండ్ల కింద ఒక గుట్ట పేలింది. దాని కింద మంచి ఊరు, ద్రాక్షతోటలు, రొట్టెల దుకాన్లు. బూడిద మట్టి మస్తు సారం, అందుకే అగ్నిపర్వతం పక్కపొంటే జనం ఉంటరు, తెలిసీ ఉంటరు. పదిహేడేండ్ల ముందు భూకంపం వస్తే గోడలు మళ్ళ కట్టుకున్నరు గని గుట్టను అనుమానించలే. పేలిన నాడు మొదట ఉత్త బూడిద, తేలిక రాళ్ళు కురిసినయి. అప్పుడు ఉరికినోళ్ళు చాన మంది బతికిన్రు. తాళంచెవులు ఎతుక్కుంట ఇంట్ల కూసున్నోళ్ళు తెల్లారి వచ్చిన ఉడుకుగాలికి పోయిన్రు. రొట్టెలు పొయ్యిలనే దొరికినయి, మాడి.

1815ల ఇండోనేసియా దిక్కు తాంబోరా అని ఒకటి పేలింది. ఆ ధూళి ఆకాశానికెక్కి భూమికి గొడుగు పట్టింది. మరుసటి ఏడాది యూరప్‌ల ఎండాకాలమే రాలే. జూన్‌ల అమెరికాల మంచు కురిసింది. పంటలు పోయినయి, జనం గడ్డి తిన్నరు. వాళ్ళెవలకు తాంబోరా పేరు సుత తెలువదు. ఎక్కడనో కాలితే ఎక్కడనో ఆకలి. క్రకటోవా అని ఇంకోటి, 1883ల, దాని సప్పుడు మూడు వేల మైళ్ళ అవతల సుత విన్నరు. ఫిరంగులు అనుకున్నరట. నేను చదివి, ఇంత సప్పుడుకు నా చెవులు సుత పనిచేస్తుండెనా అని ఆలోచించిన.

నీ చెల్కది ఇవేవీ కాదు. ఎండాకాలంల బావ చేన్ల మిగిలిన కొయ్యకాళ్ళు కాలవెట్టిండా? ఆ నిప్పు ఎక్కడనో దూరి ఉండచ్చు. లోపల ఏదో కాలేది ఉంటది. నేలల చాన రకాలుంటయి.

బోనాలు చేస్తే చేసుకోన్రి గని ఆ జాగల మాత్రం ఎవ్వలను నిలవడనియ్యకు. చుట్టూత ఇరువై అడుగులు ఇడువు. నువ్వు సుత పోకు. బావను చెయ్యి పెట్టనియ్యకు, ఆయనకు కాళ్ళు కూడ ఉన్నయి.

నాకు డాక్టర్ ప్రయాణం వద్దన్నడు.

రాజలింగం


పాలకుర్తి
18 జూలై 2025

రాజలింగం,

నాకు తాంబోరా వద్దు. నాకు తమ్ముడు కావాలె.

కొయ్యకాళ్ళు కాలవెట్టింది మీ బావనే, ప్రతేడు కాలవెడ్తడు. ఎన్నడన్న భూమి అంటుకున్నదా? లోపల ఏదో కాలేది ఉంటదట. ఏముంటది? మొరం కాల్తదా? ఎవలన్న నిలవడద్దని రాసినవ్, ఎందుకో రాయలే. కారణం లేని మాట పట్టుకొని నేను ఊరి ముందల ఏమని నిలవడాలె? కమిటీల అడిగిన. "బొగ్గుబాయిల చెవులు పోయినట్టే ధైర్యం పోయింది మీ తమ్మునికి" అన్నది కమలాదేవి. అందరు నవ్విన్రు. నేను నవ్వలే.

ఆగస్టు పదో తారీకు, ఆదివారం, బోనాలు. రెండు వందల మంది ఆడోళ్ళు బోనమెత్తుకొని ఆ జాగ చుట్టూత తిరుగుతరు. రాయి ఆ నడిమిట్లనే నాటుతరు. అదేనాడు పది గుంటల కాయితం మీద నన్ను సంతకం పెట్టుమన్నరు. పెడ్తనన్న. ఒక్కదాన్నే ఎంతకని కొట్లాడాలె?

డాక్టర్ వద్దన్నడని రాసినవ్. ఏ డాక్టరో సౌమ్యకు తెలువదు. అక్క ఇంటికి రాబుద్ధి గాకపోతే గదే రాయి. రెండేండ్లు రాఖీకి నేనే భూపాలపల్లికి వస్తి, రెండుసార్లు నువ్వు డ్యూటీకి పోతివి, సౌమ్య చేతికిచ్చి ఏడ్చుకుంట బస్సెక్కితి. ఇగ రాను. నువ్వూ రాకు.

సులోచన


భూపాలపల్లి
6 ఆగస్టు 2025

అక్కా,

పదిహేను రోజుల సంది రాస్తున్న, చింపుతున్న. పోస్టుల ఏస్తే అందదు. భీమ్లా అని నాతోటి బొగ్గుబాయిల పనిచేసిండు, తొర్రూరుల బిడ్డ ఇంటికి పోతున్నడు. పాలకుర్తిల దిగి నీ చేతికి ఇస్తడు. సౌమ్య తోని ఫోన్ చేయిద్దామంటే నా తప్పు కోడలి నోట చెప్పిచ్చుడు నా తోని కాలే. అయినా శనివారం దాక నీ కబురు రాకపోతే ఫోన్ చేసి అంతా చెప్పుమన్న, బోనాలు ఆపియ్యుమన్న.

అది అగ్నిపర్వతం కాదు, అమ్మవారు కాదు. ఊక.

పదకొండేండ్ల కింద నీ బర్రె దూడ మోటబాయిల పడి చస్తే, పూడ్చిపియ్యి తమ్మీ అని నన్ను పిలిచినవ్. నేను లీవు పెట్టి వచ్చిన. ముప్పై ట్రిప్పుల మొరం కొట్టిచ్చిన అని చెప్పిన. కొట్టిచ్చింది ఇరువయ్యారు ట్రిప్పుల వరి ఊక, మీదికెల్లి నాలుగు ట్రిప్పుల మొరం. రైస్‌మిల్లు గుమాస్తా ఊక ఎక్కడ పారబోయాలెనో తెలువక తిరుగుతుండె. ట్రాక్టరు నాదే, ఊక నీదే, తీస్కపో అన్నడు. రెండు లొట్ల కల్లు సుత తాగిపిచ్చిండు. మొరం గుట్ట ఎనిమిది కిలోమీటర్లు, మిల్లు అర కిలోమీటరు. ఎండ మస్తు కొడ్తుండె. అంతే అక్కా. ఇంక పెద్ద కారణం ఏం లేదు, ఉంటే బాగుండు.

నువ్వు పొగ అని రాసిన నాడే నాకు తెలిసింది. కొయ్యకాళ్ళ నిప్పు బీటలల్లకెల్లి దిగి ఊకకు అంటుకున్నది. ఊక మండదు, లోపల లోపల రాజుకుంట తింటది, నెలలు తింటది. మీదికి నేల మంచిగనే కనవడ్తది. లోపల బూడిదై ఖాళీ ఐతది. బాయి అంత లోతు. ఇప్పుడు ఆ జాగ మీద నాలుగు ట్రిప్పుల మొరం తప్ప ఏం లేదు. మనిషి కాలు పెడితే నిప్పులకు పోతడు. బొగ్గుబాయిల మా తోటోడు ఒకడు అట్లనే కాలే బొగ్గు మీద పడ్డడు, నేనే మోసిన. అది తెలిసి సుత నీకు తాంబోరా, ఇటలీ రాసుకుంట కూసున్న. నాకంటే కమలాదేవి నయం, ఆమెకు తెలువక చేస్తున్నది.

ఆనాడు పూడ్చుడు అయినంక నీ ఇంట్ల తినబెట్టినవ్. మటన్ వండినవ్. "ముప్పై ట్రిప్పులు కొట్టిచ్చిండు నా తమ్ముడు, ముక్కలు ఎక్కువెయ్యి" అని బావకు చెప్పుకుంట వేసినవ్. ఆ మాటకు నాకు ముద్ద దిగలే. పళ్ళెంల ఇడిచి చెయ్యి కడిగిన. తర్వాత నీ ఇంటికి వస్తే ఆ చెల్క చూడాలె, నువ్వు పొగుడుతవు, నేను వినాలె. ఇగ రాలే. నువ్వు రాఖీకి వచ్చిన రెండుసార్లు నాకు డ్యూటీ లేదు, బస్టాండ్ల కూసున్న, నువ్వు బస్సెక్కేదాక అవతలి వైపు నిలవడ్డ.

సంతకం పెట్టకు. బోనాలు ఆపియ్యి. తిట్టాలెననుకుంటే తిట్టు, చెవులు లేవు గని చదువుకుంట.

రాజలింగం


పాలకుర్తి
8 ఆగస్టు 2025

ఒరే రాజలింగం,

నిన్న పొద్దుమూకే యాల్లకు భీమ్లా వచ్చిండు. నేను చెల్కల ఉన్న, కమిటీ అంతా ఉన్నది, పందిరి గుంజలు నాటుతున్నరు. నీ ఉత్తరమని తెలిసి కమలాదేవి మైకు నా చేతికిచ్చింది, ఈసారి ఏ దేశం పూడిపోయిందో విందామని. నాకు సుత ఏదో దేశముంటదనే చదువుడు మొదలువెట్టిన. "అది అగ్నిపర్వతం కాదు, అమ్మవారు కాదు. ఊక" అని నా గొంతుతోనే నాలుగు దిక్కుల మోగింది.

ఆపుదామనుకున్న. ఆపలే. ఆపితే ఎట్ల, రెండు వందల మంది ప్రాణాలు. కల్లు లొట్ల కాడ జనం నవ్విన్రు. కమలాదేవి కొడుకైతే గుంజ పట్టుకొని కూలబడి నవ్విండు. నీ తోటోడు నిప్పుల పడ్డ కాడ మాత్రం ఒక్కలు నవ్వలే. ఆ తర్వాతి ముక్కలు, మటన్, బస్టాండు, మైకు పక్కకు పెట్టి నేనొక్కదాన్నే చదువుకున్న.

మీ బావ అందరిని యాభై అడుగులు అవతలికి కొట్టిండు. జేసీబీని పిలిచి దూరం నుంచి తొట్టితోని ఆ జాగ మీద ఒక్కటి తట్టిచ్చిండు. గంతే. బుస్సున బూడిద లేచి నేల లోపలికి పోయింది. రాయి నాటేటందుకు తవ్విన గుంత, అప్పటికే నాటిన ఒక గుంజ, పసుపు కుంకుమ డబ్బాలు అన్నీ పోయినయి. లోపల ఎర్రగ, మూడు నిలువుల లోతు. ఆడోళ్ళు కొంగు నోట్ల పెట్టుకొని చూసిన్రు. ఆ అంచు మీదనే పొద్దున కమలాదేవి గంటసేపు ఊగింది. ఆమె చెమటలు తుడుచుకుంట, అమ్మవారు నన్ను కాపాడిందన్నది. కాపాడింది మా తమ్ముడని నేనన్న. పూడ్చింది సుత ఆయననే గదా అన్నది. ఆమె మాటలకేం, తప్పైతే లేదు. ఫైరింజన్ వచ్చి నీళ్ళు పోస్తనే ఉన్నది. పది గుంటల కాయితం నేను చింపిన. ఎవ్వలకు ఏం కాలే.

పుట్టి పెరిగిందే ఊక కాల్చే మిల్లు పొగల, ఆ వాసన మా ముక్కులకు వాసనే కాదు. లేకుంటే మొదటి నాడే తెలుస్తుండె.

ఇగ నిన్ను తిట్టాలె. ఊకకు తిట్ట. ఎండల సోమరితనం నీకొక్కనికే లేదు, మీ బావను చూడు. రెండు నెలలు కడుపుల అంత నిప్పు పెట్టుకొని దేశదేశాల గుట్టల సంగతి రాసినందుకు తిట్టాలె, గది వచ్చినంక మొకం మీద తిడ్త. ఈ ఉత్తరం భీమ్లా చేతికే ఇస్తున్న, బిడ్డ మొకం చూసి మాపటికల్ల భూపాలపల్లి చేరుతడట, ఆయన రాత్రి మా ఇంట్లనే తిని పండుకున్నడు, నీకన్న నయం. రేపు రాఖీ. పొద్దటి బస్సెక్కు. నీ మోకాళ్ళు, నీ డాక్టరు, అందరిని తీస్కొని రా.

ఒరే, ఆనాడు నువ్వు పళ్ళెంల ముక్కలు ఇడిచిపెట్టి లేస్తే, నేను వాకిట్లకు పోయి ఆ మిగిలింది నోట్ల వేసుకొని చూసిన. ఉప్పెక్కువైనట్టు అనిపిచ్చింది. అందుకే తమ్ముడు తినలే, అందుకే అలిగిండు, అందుకే రాడు అనుకున్న. పదకొండేండ్ల సంది మా ఇంట్ల ఏ కూరలనన్న ఉప్పు తక్కువే వేస్తున్న రా.

నీ అక్క,
సులోచన